కొండలు తుఫానును ఆపవు: విశాఖ గురించి తిరుగుతున్న సందేశానికి ఖండన

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందన్న వార్త వస్తే చాలు, విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: "వైజాగ్‌కు భయం లేదు. అటు సింహాచలం, కైలాసగిరి, ఇటు యారాడ కొండ, మధ్యలో ఊరు. కొండలు తుఫాన్లను దారి మళ్లిస్తాయి. డాల్ఫిన్స్ నోస్ సునామీని చీల్చేస్తుంది. ఒడ్డు దగ్గరే లోతు కాబట్టి ఉప్పెన రాదు. వాన నీళ్లు కొండల మీంచి జారి సముద్రంలో కలిసిపోతాయి." (డాల్ఫిన్స్ నోస్ అంటే యారాడ కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొస.) ఇందులో ఒకే ఒక్క మాటలో సగం నిజం ఉంది. మిగతాది నమ్మినవాళ్లు ఇల్లు ఖాళీ చేయాల్సిన రోజున తలుపులేసుకుని కూర్చుంటారు. అందుకే ఒక్కో మాటా విప్పి చూడాలి.

"కొండలు తుఫాన్లను దారి మళ్లిస్తాయి."

2014 అక్టోబరు 12న మధ్యాహ్నం 12కూ 1కీ మధ్య హుద్‌హుద్ సరిగ్గా విశాఖ మీదే తీరం దాటింది. గాలి వేగం గంటకు 170 నుంచి 180 కిలోమీటర్లు. కొండలు ఆ రోజూ అక్కడే ఉన్నాయి. తుఫాను మేఘాల చుట్ట వందల కిలోమీటర్ల వెడల్పు, 12 నుంచి 15 కిలోమీటర్ల ఎత్తు ఉంటుంది. యారాడ కొండ ఎత్తు 350 మీటర్ల చిల్లర, అంటే అందులో నలభయ్యో వంతు. తుఫాను ఎటు వెళ్లాలో నిర్ణయించేది పై ఆకాశంలో వేల కిలోమీటర్ల మేర సాగే గాలి ప్రవాహాలు. ఊరి పక్కన ఉన్న కొండకు అందులో పాత్ర లేదు.

కొండ చేసే పని ఒకటుంది, కానీ అది రక్షణ కాదు. ఎదురొచ్చిన గాలి కొండ శిఖరం దాటేటప్పుడు, రెండు కొండల మధ్య సందులోంచి దూరేటప్పుడు వేగం పుంజుకుంటుంది. హనుమంతవాక లాంటి చోట్ల, కొండ అంచున కట్టిన ఇళ్ల దగ్గర ఇది తెలుస్తుంది. గాలి తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం 20 శాతం పెరిగితే కప్పు మీద పడే బలం 44 శాతం పెరుగుతుంది. మైదానంలో నిలిచిన రేకు గట్టు మీద లేచిపోవడానికి కారణం అదే. రేకుల కప్పు మొదట అంచుల దగ్గర, మూలల దగ్గర లేస్తుంది కాబట్టి బోల్టులు అక్కడ మధ్యలోకన్నా దగ్గరదగ్గరగా ఉండాలి.

మరో సంగతి ఇంకా ముఖ్యం. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు, ఆగ్నేయం నుంచి వచ్చే తుఫాను మన మీదుగా దాటితే మొదట గాలి ఉత్తరం, ఈశాన్యం నుంచి కొడుతుంది. తుఫాను కన్ను, అంటే గాలి లేని నడిమి భాగం, మీదికి వచ్చాక కాసేపు నిశ్శబ్దం, కొన్నిసార్లు ఎండ కూడా. తర్వాత గాలి ఒక్కసారిగా దక్షిణం, నైరుతి వైపు నుంచి తిరగబడుతుంది. కైలాసగిరికి దక్షిణపు వాలున ఉన్న ఇంటికి మొదటి సగంలో కొండ చాటు దొరుకుతుంది, రెండో సగంలో అదే ఇల్లు ఎదురు నిలుస్తుంది. నిశ్శబ్దంలో బయటికొచ్చి విరిగిన చెట్లు, తెగిన తీగలు చూస్తున్నవాళ్లను రెండో గాలి పట్టుకుంటుంది. గాలి ఆగితే తుఫాను అయిపోయిందని కాదు. అధికారులు చెప్పేదాకా లోపలే ఉండాలి.

ఓడరేవులో ఎగరేసే హెచ్చరిక నంబర్లకు కూడా అర్థం ఉంది. 8 అంటే తుఫాను రేవును తన ఎడమవైపు ఉంచి దాటుతుందని, 9 అంటే కుడివైపు ఉంచి దాటుతుందని, 10 అంటే రేవు మీదుగా గానీ మరీ దగ్గరగా గానీ దాటుతుందని. మన తీరంలో తుఫానుకు కుడివైపు గాలి సముద్రం మీంచి నేల మీదికి నీటిని నెట్టుకొస్తుంది. అందువల్ల ఉప్పెన విషయంలో 8 కన్నా 9 ప్రమాదకరం.

"ఒడ్డు దగ్గరే లోతు కాబట్టి ఉప్పెన రాదు."

సగం నిజం ఇదే. ఉప్పెన ఎత్తు ఖండతీరపు అంచు (ఒడ్డు నుంచి లోతు తక్కువగా సాగే సముద్రపు అడుగు) ఎంత వెడల్పుగా, ఎంత లోతు తక్కువగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. లోతు తక్కువైన విశాలమైన అడుగు ఉంటే గాలి నెట్టిన నీరు అడుగునుంచి వెనక్కి జారే వీలు లేక పోగుపడుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది సుమారు 5 మీటర్ల ఉప్పెన. విశాఖ దగ్గర అంచు సన్నం, కాబట్టి హుద్‌హుద్‌లో ఇక్కడ ఆటుపోట్ల కొలమానం చూపిన ఉప్పెన 1.4 మీటర్లు. తక్కువే, కానీ సున్నా కాదు. ఆ 1.4 మీటర్లు మామూలు పోటు మీద అదనం. దాని పైన అలలు వేరే. ఒడ్డు దగ్గర లోతుంటే అలలు దూరంలో విరగవు, బలం మిగుల్చుకుని వచ్చి ఇసుకను తవ్వుతాయి. జాలరిపేటల్లో పడవలు, వలలు పోయేది ఎక్కువగా ఈ దెబ్బకే.

ఇసుక మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. "డాల్ఫిన్స్ నోస్ ఆర్కే బీచ్‌ను కాపాడుతోంది" అనేది కూడా ఈ సందేశానికి తోకగా వస్తుంటుంది. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక నైరుతి నుంచి ఈశాన్యానికి నడుస్తుంది. చలికాలంలో కొద్ది నెలలు వెనక్కి తిరుగుతుంది, అదీ కొంచెమే. ఆ దారిలో రేవు గోడలు, ఓడల కాలువ అడ్డం ఉన్నాయి. దక్షిణం వైపు ఇసుక నిలిచిపోతుంది, ఉత్తరాన ఉన్న బీచ్‌కు రావాల్సినది రాదు. అందుకే గోడకు దక్షిణాన పోగైన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి, నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా బీచ్ మీద పోయాల్సి వస్తోంది. పోసే ఇసుక రేణువు అక్కడి సహజ ఇసుకంత ముతకగానైనా ఉండాలి. సన్నదైతే ఒక్క వర్షాకాలంలో కొట్టుకుపోతుంది. బీచ్ ముందున్న ఆ ఇసుకే అసలైన గోడ.

"డాల్ఫిన్స్ నోస్ సునామీని చీల్చేస్తుంది, 2004లో అందుకే బతికాం."

2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో నేల చీలిన గీత సుమారు 1,200 కిలోమీటర్ల పొడవున, ఇంచుమించు ఉత్తర దక్షిణంగా సాగింది. అలల బలం ఆ గీతకు అడ్డంగా, అంటే తూర్పు పడమరలకు ఎక్కువగా వెళ్లింది. శ్రీలంక, తమిళనాడు ఎదురుగా ఉన్నాయి, మనం పక్కకు ఉన్నాం. అంతేగానీ కొండ చలవ కాదు. ఆ రోజు విశాఖ రేవులోని కొలమానం కూడా సునామీని నమోదు చేసింది.

లెక్క చూసినా అంతే. 20 మీటర్ల లోతులో సునామీ సెకనుకు దాదాపు 14 మీటర్లు నడుస్తుంది. ఒక అలకూ మరో అలకూ మధ్య అరగంట ఉంటే అల పొడవు 25 కిలోమీటర్లు. సముద్రంలోకి ఒకటి రెండు కిలోమీటర్లు పొడుచుకొచ్చిన ముక్కు దాన్ని చీల్చలేదు. నీరు ముక్కు చుట్టూ వంగి వెనకాల ఉన్న రేవులోకీ వస్తుంది. కొండ పనికొచ్చేది ఒక్కందుకే: ఎక్కడానికి. ఒడ్డున ఉండగా భూమి గట్టిగా కంపించినా, సముద్రం నిమిషాల్లో ఎన్నడూ లేనంత దూరం వెనక్కి పోయినా ఫోటో కోసం ఆగకుండా మెరకకు వెళ్లాలి. అమావాస్య, పున్నమి రోజుల్లో ఆటుకు గంటల మీద మెల్లగా రాళ్లు బయటపడటం వేరు. అది ప్రతి పక్షం జరిగేదే.

"వాన నీళ్లు సముద్రంలో కలిసిపోతాయి."

ఈ మాట వల్ల జరిగే నష్టం అన్నిటికన్నా ఎక్కువ. ఒక చదరపు కిలోమీటరు కొండ వాలు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 10 కోట్ల లీటర్లు, అంటే 10 వేల లీటర్ల ట్యాంకర్లు 10 వేలు. రాతి వాలు తక్కువే పీల్చుకుంటుంది, మిగతాది గంటలోపే గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి, దిగుతుంది. ఊరి మధ్య పల్లం ఒకప్పటి ఉప్పుటేరు, చిత్తడి నేల. లోపలి రేవును తవ్వింది అందులోనే, విమానాశ్రయం ఉన్నదీ ఆ పల్లంలోనే. గెడ్డ నోటి దగ్గర పోటు ఉన్నప్పుడు నీరు బయటికి పోదు, వెనక్కి ఎక్కుతుంది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను కళింగపట్నం వైపు తీరం దాటినా విశాఖ పల్లాలు మునిగాయి. ముంచడానికి తుఫాను మన మీదే దాటక్కర్లేదు.

కొండవాలు ఇళ్లది మరో బాధ. మన కొండల రాయి ఖొండలైట్. అందులోని ఫెల్డ్‌స్పార్ వానలకు నాని బంకమట్టిగా మారుతుంది. పైకి రాయిలా కనిపించేది చేత్తో నలిపితే పొడి అవుతుంది, దాని మధ్య గట్టి బండలు వదులుగా కూర్చుని ఉంటాయి. ఇంటి స్థలం కోసం వాలు అడుగును నిలువుగా నరికితే ఆ బండలకు ఊతం పోతుంది. అడ్డు గోడ కట్టినా, వెనక చేరిన నీరు బయటికి రాకపోతే ఆ బరువుకే గోడ పడుతుంది. గోడలో మీటరున్నరకో రంధ్రం, మూడు నాలుగు అంగుళాల గొట్టంతో ఉండాలి. వెనక కంకర పొర వేయాలి, లేకుంటే మట్టి వచ్చి మూసేస్తుంది. వానాకాలానికి ముందు ఆ గొట్టాల్లో కర్ర పెట్టి శుభ్రం చేయాలి. వాన పడుతుండగా గొట్టాల్లోంచి నీరు ఆగిపోయినా, ఉన్నట్టుండి బురద నీరు వచ్చినా, పై గట్టున కొత్త పగులు కనిపించినా, కరెంటు స్తంభం ఒరిగినా, చీకటి పడేదాకా ఆగకుండా ఆ ఇల్లు ఖాళీ చేయాలి.