ట్రాఫిక్ తప్పించుకుని పొగమంచులోకి: సంక్రాంతి ప్రయాణాల లెక్క

సంక్రాంతికి మూడు నాలుగు రోజుల ముందు వార్తల్లో కనిపించే దృశ్యం ఏటా ఒకటే. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా ముందు కార్లు బారులు తీరతాయి, విజయవాడ వైపు అదనపు గేట్లు తెరుస్తారు, చర్చంతా ఆ రద్దీ చుట్టూనే తిరుగుతుంది. నిజానికి టోల్‌గేటు దగ్గర నిలిచిపోయిన బండికి పెద్దగా ఏమీ కాదు. బంపర్లు రాసుకుంటాయి, ఒకరినొకరు నాలుగు మాటలనుకుని కదులుతారు. అసలు ముప్పు ఆ రద్దీని తప్పించుకోవడానికి మనం వేసే ఎత్తులో ఉంది. అర్ధరాత్రి దాటాక మూడింటికి హైదరాబాద్‌లో బయలుదేరితే రోడ్డు ఖాళీగా ఉంటుందని, ఎండెక్కకముందే విజయవాడ దాటేస్తామని ఇంటింటా లెక్క వేసుకుంటారు. ట్రాఫిక్ వరకు ఆ లెక్క చాలాసార్లు సరిపోతుంది. కానీ మూడింటికి బయలుదేరిన కారు అయిదింటికి సూర్యాపేటలో, ఆరింటికి అటూఇటుగా కోదాడలో ఉంటుంది. జనవరిలో ఆ దారిన పొగమంచు చిక్కబడేదీ, డ్రైవరు కళ్లు బరువెక్కేదీ అప్పుడే, అక్కడే.

ఇది కాకతాళీయం కాదు. మబ్బులేని, గాలి కదలని రాత్రి నేల తన వేడిని వేగంగా కోల్పోతుంది. ఆ నేల తడిగా ఉంటే దాని మీది గాలిలోని తేమ పొగమంచుగా మారుతుంది. మునగాల, కోదాడ పరిసరాల్లో సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు, చెరువులు, అప్పుడే నీళ్లు పెట్టిన యాసంగి మళ్లు, ఆ తర్వాత పాలేరు, మునేరు, కృష్ణ: 65వ నంబరు జాతీయ రహదారి సగం దూరం తేమ మీదుగానే సాగుతుంది. మంచు తెర సమంగా కూడా పరచుకోదు. గుట్ట మీద రోడ్డు స్పష్టంగా కనబడుతుంది, పల్లంలోకి దిగగానే బానెట్ తప్ప ఏమీ కనబడదు. స్పష్టంగా ఉన్నచోట అలవాటైన వేగంతోనే డ్రైవరు ఆ తెల్లదనంలోకి దూసుకుపోతాడు.

వాతావరణ శాఖ లెక్కలో 200 మీటర్లకు మించి కనబడకపోతే దట్టమైన పొగమంచు, 50 మీటర్లలోపైతే అతి దట్టమైనది. పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులున్న కారు సైతం గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి దాదాపు 70 మీటర్లు తీసుకుంటుంది. అందులో సగం, కాలు బ్రేకు మీద పడేలోపే గడిచిపోయే దూరం. వందలో ఉంటే ఇంచుమించు వంద మీటర్లు కావాలి. కనబడేది 50 మీటర్లయినప్పుడు 80లో నడిపేవాడు ఎంత నేర్పరైనా, ఎదురుగా ఆగి ఉన్న లారీని గుద్దాక కూడా 20 మీటర్ల బ్రేకు పని మిగిలే ఉంటుంది.

దీనికి కారు లోపల జరిగేది తోడవుతుంది. చలికి అద్దాలన్నీ ఎక్కించి, అయిదుగురు నిద్రలో ఊపిరి తీస్తుంటే ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పడుతుంది. డ్రైవరు అది బయటి మంచేననుకుని వైపర్లు వేస్తాడు, పోదు. జేబురుమాలు తీసి ఒక చేత్తో తుడుస్తాడు, గీతలు గీతలుగా అలుక్కుపోయి ఎదుటి లైటు నక్షత్రంలా చెదురుతుంది. ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పితే నిమిషంలో పోయే ఆవిరి అది. వేయకపోవడానికి కారణం ఒక్కటే: వెనక సీట్లో పిల్లలకు జలుబు చేస్తుందని. లైట్ల సంగతీ అంతే. కనబడటం లేదని హైబీమ్ వేస్తే ఆ వెలుగు మంచు బిందువుల మీద పడి కళ్లలోకే తిరిగొస్తుంది; డిమ్‌లోనే కాస్త దారి కనిపిస్తుంది. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం ఇప్పుడు ఆచారమైపోయింది గానీ, దానివల్ల వెనక వచ్చేవాడికి ఈ బండి ఆగిందో కదులుతోందో, ఎటు తిరుగుతుందో తెలియదు. (మంచు చూడటానికి లంబసింగి దాకా పోయి ఫొటోలు దిగేది కూడా మనమే. అక్కడ దాని ముందు నిలబడతాం, ఇక్కడ దానిలోంచి తొంభైలో పోతాం.)

పైగా ఈ రహదారిని ఊళ్లు కూడా వాడుకుంటాయి. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లయినా లేని ట్రాక్టర్ ట్రాలీలు, చుట్టూ తిరిగి రావడం బద్ధకమై రాంగ్ రూట్‌లో వచ్చే బండ్లు, టీ కోసం పార్కింగ్ లైట్లు వేయకుండా అంచున ఆపిన లారీలు పండగ పూట తగ్గవు. సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ 2014 డిసెంబరు 6న మునగాల మండలం ఆకుపాముల దగ్గర చనిపోయింది ట్రాక్టరును ఢీకొన్న ప్రమాదంలోనే. ఆయన తండ్రి హరికృష్ణ 2018 ఆగస్టు 29న, ఓ పెళ్లికని తెల్లవారుజామునే బయలుదేరి తానే కారు నడుపుతూ నల్గొండ దగ్గర అద్దంకి రహదారి మీద ప్రాణాలు కోల్పోయారు. ఆ రెండు ప్రమాదాలకూ కారణం మంచు కాదు. హరికృష్ణ విషయంలో, శుభకార్యానికి చీకటితో బయలుదేరడమనే అలవాటు మాత్రం అదే.

గోదావరి జిల్లాలకు, కృష్ణా డెల్టాకు వెళ్లేవారికి చివరి 20 కిలోమీటర్లే గండం. జాతీయ రహదారి దిగి కాలువ గట్టు రోడ్డెక్కాక ఒకవైపు నీళ్లు, రెండోవైపు చేలు. చాలాచోట్ల పిట్టగోడ ఉండదు, తెల్లగీత ఉండదు, మలుపు కాలువతో పాటే తిరుగుతుంది. రాత్రంతా జాగ్రత్తగా నడిపినవాడు సొంత ఊరి దారే కదా అని అక్కడ ఒళ్లు సడలిస్తాడు. శీతాకాలంలో కార్లు కాలువల్లో పడిన వార్తలు వచ్చేది ఇలాంటి దారుల నుంచే.

ఇవన్నీ డ్రైవింగ్ తప్పులుగా లెక్కకొస్తాయి. నా దృష్టిలో వాటిలో ఎక్కువభాగం బండి స్టార్ట్ చేయకముందే, ఇంట్లో ఖాయమైపోయినవి. ‘భోగి పూట పొద్దున్నే వచ్చేయండి నాయనా’ అని అమ్మ అంటుంది. కొత్త అల్లుడికి ఆలస్యమనే మాటే ఉండకూడదు. సూర్యాపేటలో ఒకసారి, నందిగామలో ఒకసారి ‘ఎక్కడిదాకా వచ్చారు?’ అని ఫోన్ వస్తుంది. ‘మంచుగా ఉంది, గంట ఆగి వస్తాం’ అనడానికి నడిపేవాడికి మొహమాటం. పగలంతా ఆఫీసులో పనిచేసి, రాత్రి పదకొండు దాకా సామాను సర్ది, మూడింటికి స్టీరింగ్ పట్టిన మనిషి రెండు గంటలైనా నిద్రపోయి ఉండడని తెలిసీ ఎవరూ అడగరు.

తిరుగు ప్రయాణానికి సంప్రదాయమే మరో ముడి వేస్తుంది. కనుమ నాడు కాకైనా కదలదంటారు కనుక ఆ రోజు ఎవరూ బయలుదేరరు. గారెలూ మాంసమూ తిని, రాత్రి పొద్దుపోయేదాకా కబుర్లాడి, మర్నాడు అందరూ ఒక్కసారే రోడ్డెక్కుతారు. సోమవారం ఆఫీసు ఉంటే మళ్లీ రాత్రి ప్రయాణమే.

ఉత్తరప్రదేశ్‌లో యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద ఏటా డిసెంబరు 15 నుంచి ఫిబ్రవరి 15 వరకు కార్ల గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 75 కిలోమీటర్లకు తగ్గిస్తున్నారు. విజయవాడ దారిలో రెండు నెలల పరిమితి అవసరం లేదు. పండగ వారంలో తెల్లవారుజాము మూడు నుంచి ఎనిమిది వరకు చాలు. పంతంగిలో, కేతేపల్లి దగ్గర కొర్లపహాడ్‌లో, జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లులో ఫాస్టాగ్ ఎప్పుడు చదివిందో నమోదవుతూనే ఉంటుంది కాబట్టి, మధ్య దూరాన్ని ఎవరు ఎంతలో దాటారో లెక్కగట్టడం కష్టం కాదు. మునగాల దగ్గర మంచు పట్టిందని కొర్లపహాడ్ గేటులోనే బోర్డు మీద చూపి, అక్కడే ఆగేందుకు టీ, మరుగుదొడ్లతో చోటు చూపిస్తే చాలామంది ఆగుతారనే నా నమ్మకం. ఆగడానికి వాళ్లకు కావలసింది ఇంట్లో చెప్పుకునేందుకు ఒక సాకు.

అయినా బయలుదేరే వేళ మారకపోతే ఇవన్నీ సగం పనే చేస్తాయి. పగలు తొమ్మిదింటికి బయలుదేరినవారు పంతంగిలో గంట, దారిలో మరో గంట పోగొట్టుకున్నా సాయంత్రంలోపు ఊరు చేరతారు, భోగి పొద్దున ఇంట్లో ఉండటం మాత్రం తప్పిపోతుంది. దానికోసం ముందురోజు పొద్దున్నే కదలాలి. అంటే ఆఫీసులు ఒక రోజు సెలవు అదనంగా ఇవ్వాలి, లేదా ఆ రోజుకు ఇంటి నుంచి పని చేయనివ్వాలి. ఐటీ సంస్థలకు రెండోది కొత్త కాదు. దుకాణాల్లో, ఆసుపత్రుల్లో, కారు కిరాయికి నడిపే డ్రైవర్లలో ఆ వెసులుబాటు లేనివారే ఎక్కువ. మూడింటికి బయలుదేరేవాళ్లలో వాళ్లే మిగులుతారు.