కోచ్ అడగని ఆటకు అడ్మిషన్లో విలువెంత?

డాలస్ పక్కన ఫ్రిస్కోలో సాయంత్రం పూట టెన్నిస్ కోర్టు దగ్గర మడత కుర్చీలేసుకుని కూర్చున్న మన నాన్నల మాటలు వింటే ఎంసెట్ ర్యాంకుల రోజులే గుర్తొస్తాయి. "మీవాడి యూటీఆర్ (టెన్నిస్ ఆటగాళ్ల స్థాయి చెప్పే రేటింగ్) ఎంతండీ?" అని ఒకరంటే, "పోయిన నెల కాస్త పెరిగింది" అని ఇంకొకరు. అందరి మనసులో ఉన్నది మాత్రం హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్‌లే.

కాలేజీ కోచ్ జాబితాలో పేరుంటే ఆట సీటు తెచ్చిపెడుతుంది. హార్వర్డ్ మీద 2018లో విచారణ జరిగిన కేసులో బయటపడ్డ లెక్క ప్రకారం కోచ్‌లు కోరుకున్న ఆటగాళ్లలో 86 శాతం మందికి సీటొచ్చింది. మరి ఆ జాబితాలో లేనివాళ్ల సంగతి? అదే కేసులో బయటికొచ్చిన రేటింగ్ పద్ధతి చూడండి. ఆటలకు 1 నుంచి 6 దాకా అంకెలు వేస్తారు. 1 కోచ్‌లు కోరుకున్నవాళ్లది. స్కూల్ టీమ్‌లో గట్టిగా ఆడి, వీలైతే కెప్టెన్ కూడా అయితే 2. ఊరికే ఆడుతుంటే 3, ఆసక్తి లేకపోతే 4. అయితే 5 అంటే 4 కన్నా కింది మెట్టు కాదు. ఇంటి బాధ్యతల వల్లో, ఏదో పని చేసుకుంటూ చదవడం వల్లో తీరిక దొరకని పిల్లలకు వేసే అంకె అది. 1కీ 2కీ మధ్య ఉన్నది మెట్టు కాదు, అగాధం అంటాను.

2019లో బయటపడ్డ 'వర్సిటీ బ్లూస్' కుంభకోణమే దీనికి సాక్ష్యం. లక్షల డాలర్లు పోసిన తల్లిదండ్రులు పిల్లల్ని ఉత్త స్కూల్ కెప్టెన్లుగా చూపించి ఊరుకోలేదు. కోచ్‌లకు లంచాలిచ్చి, ఆడని ఆటలో రిక్రూట్లుగా, అంటే కోచ్ కోరుకున్న ఆటగాళ్లుగా రాయించారు. దొంగలకు తెలుసు విలువ ఎక్కడుందో!

ఆట ఉంటే చాలు సీటొస్తుందన్న భ్రమ మనకు స్పోర్ట్స్ కోటా నుంచి వచ్చిందేమో. తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో ఆ కోటా అర శాతం, సర్టిఫికెట్ స్థాయిని బట్టి వరుస. చాలా అమెరికా కాలేజీలకు కలిపి పెట్టుకునే దరఖాస్తైన కామన్ యాప్‌లో అలాంటి తూకం లేదు. వ్యాపకాలకు 10 గళ్లు, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలు. వారానికి 15 గంటలు, ఏడాదికి 30 వారాల చొప్పున నాలుగేళ్లు ఆడితే 1,800 గంటలు. అదంతా కలిపి ఒక్క గడి. బామ్మను చూసుకున్న పిల్లకూ అంతే గడి, కొన్నిసార్లు ఆమె కథే ఎక్కువ నిలుస్తుంది.

ఎంఐటీలో ఇది మరీ తేటతెల్లం. అక్కడ కోచ్ ఒక మాట చెప్పగలడు తప్ప సీట్లు పక్కన పెట్టించలేడు.

అలాగని రాకెట్ పారేయమనను. పదకొండో తరగతి ముగిసేసరికి ఏ కోచ్ నుంచీ ఈమెయిల్ రాకపోతే రిక్రూట్ ఆశ వదులుకోవచ్చు. ఆ శనివారం టోర్నమెంట్ కోసం మూడు గంటలు కారు నడిపే ముందు, వెనక సీట్లో నిద్రపోతున్నవాణ్ణి లేపి అడగండి, వాడికింకా ఆడాలనుందో లేదో.