మహారాజశ్రీ క్రిప్టో వాలెట్ తాళమైన పన్నెండు మాటల వారి సముఖానికి

తిరుపతి బస్టాండు దగ్గర జెరాక్సు, లామినేషన్, ఆన్‌లైన్ పనులు చేసుకుని బతికే ఒక మనిషి రాసుకునేది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, మన ఇద్దరిలో కుశలంగా ఉన్నది మీరొక్కరే కాబట్టి ఆ ముక్క వదిలేశాను.

డబ్బు పోవడానికి తెలుగులో ఉన్న మంచి మాటలన్నీ మా ఊరు ఇచ్చినవే, మీకు తెలుసో లేదో. గుండు కొట్టారు, నామం పెట్టారు, తిరుక్షవరం అయింది, గోవిందా. పుట్టినప్పటి నుంచి ఈ నాలుగూ వింటూ పెరిగినవాణ్ణి, వాటిలో ఒక్కటైనా నా మీద వాడాల్సి వస్తుందని అనుకోలేదు. మీ దయవల్ల నాలుగూ ఒకే రాత్రి వాడేశారు.

మీరు మా ఇంటికి వచ్చిన రోజు గుర్తుంది. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల సొత్తు పోయింది కదా, ఆ వారమే. అక్కడ ఒక్కడి సంతకం చాలదు, పలువురు కలిసి పెడితేనే డబ్బు కదిలే వాలెట్ అది. అయినా తెర మీద కనిపించింది ఒకటి, సంతకాలు పడింది ఇంకోదాని మీద అని ఆ కంపెనీయే చెప్పుకుంది. నా డబ్బు అందులో లేదు, ఇంకోచోట ఉంది. అయినా నాకు టెన్షన్ పట్టుకుంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే మా బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, నాట్ యువర్ కీస్, నాట్ యువర్ కాయిన్స్. తాళం నీ దగ్గర లేకపోతే పెట్టెలో ఏముంటే ఏం? సొంత వాలెట్‌లోకి మార్చుకో" అన్నాడు. వాడు చెప్పింది తప్పని ఇప్పటికీ అనను. తాళం చేతికొస్తే నేనేం చేస్తానో వాడికి తెలియదు, అంతే.

నాలుగేళ్లు చీటీ కట్టినట్టు నెలనెలా కొనుక్కున్న ఈథర్ అనే క్రిప్టో కాయిన్ అది. పెట్టింది మొత్తం 1,86,000. మదనపల్లె టొమాటో రేటు కూడా సిగ్గుపడేలా పైకీ కిందికీ ఊగి, పోయే నాటికి దాదాపు 2,90,000 దగ్గర నిలబడింది.

సరే, వాలెట్ యాప్ తెరిచాను. తెల్లటి తెర మీద వరుసగా పన్నెండు ఇంగ్లీషు మాటలు. రైస్, ఆనియన్, గార్లిక్, మ్యాంగో, అంకుల్, డాంకీ, ఇట్లా. (ఆరు బయటపెట్టేశానని కంగారు పడకండి, మొత్తం చెప్పినా ఇప్పుడు పోయేదేం లేదు.) మా ఆవిడ భుజం మీంచి చూసి, "బియ్యం, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు సరేనండీ, గాడిద ఎందుకు?" అని అడిగింది. నవ్వుకున్నాం. అప్పట్లో నవ్వేవాళ్లం.

మీ వంశం గురించి తర్వాత చదివాను. మొత్తం 2,048 మాటల జాబితా, 2013లో రూపు దిద్దుకుందట. మొదటి మాట అబాండన్, చివరిది జూ. ఏ మాటైనా మొదటి నాలుగు అక్షరాలు చూస్తే చాలు, ఇంకోదానితో కలవదు. అందులోంచి యాప్ దానంతట అది పన్నెండు ఏరి వరుసలో పెడుతుంది, ఆ వరుస నుంచే అసలు ప్రైవేట్ కీ, అంటే డబ్బు కదిలించే సంతకం పెట్టే తాళం, పుడుతుంది. ఎన్ని రకాలుగా పెట్టొచ్చో రాస్తే 39 అంకెల సంఖ్య వస్తుంది. ఊహించి తెరవడం మనిషి వల్లా కాదు, మిషను వల్లా కాదు. అది చదివి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. దొంగకు ఊహించాల్సిన అవసరమే లేకుండా నేనే ఏర్పాటు చేశానని అప్పటికి తెలియదు కదా.

యాప్‌లో ఎర్ర అక్షరాలతో రాసే ఉంది. కాగితం మీద రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీయకండి, ఎవరికీ చూపకండి అని. అక్షరాలా పాటించాను. పదిరూపాయల పెన్నుతో రూళ్ల కాగితం మీద రాశాను. రాశాక ఇరవై రెండేళ్ల నా జెరాక్సు బుద్ధి లేచి కూర్చుంది. ఒక్క కాపీ ఉన్న కాగితం కాగితమే కాదు. రేషన్ కార్డు కానీ, పదో తరగతి మార్కుల లిస్టు కానీ, "అన్నా, ఒక్కటి చాలు" అన్నవాళ్లకు కూడా రెండు తీసిచ్చి, రెండోది ఇంట్లో వేరేచోట పెట్టుకోమని చెప్పి పంపే రకం నేను. వాన వస్తే? చెదలు పడితే? మా చిన్నోడు పడవ చేసి వదిలితే?

స్క్రీన్‌షాట్ తీయొద్దన్నారు, తీయలేదు. ఫోటో తీశాను. ఆ ఫోటోను వాట్సాప్‌లో నాకు నేనే పంపుకున్నాను. షాపు కంప్యూటర్‌లో తెరిచి, చేతిరాత బాగాలేదని వర్డ్‌లో మళ్లీ టైపు చేసి, పెద్ద అక్షరాలు పెట్టి, అంచుకు డిజైను కూడా వేసి (నవ్వకండి, పెళ్లిపత్రికల ఫైలులోంచి తెచ్చింది) మూడు ప్రింట్లు తీసి, మూడూ లామినేషన్ చేశాను. ఒకటి బీరువాలో చీరల కింద. ఒకటి చంద్రగిరిలో మా అమ్మ దగ్గర, ట్రంకు పెట్టెలో. "భద్రంగా పెట్టమ్మా" అంటే "ఏంది నాయనా ఇది, మంత్రమా?" అని కళ్లకద్దుకుని మరీ పెట్టింది. మూడోది షాపు సొరుగులో. ఫోటో ఫోన్‌లోనూ ఉంది, అది మెయిల్‌లోకి బ్యాకప్ అవుతుంటుంది. వర్డ్ ఫైలు కంప్యూటర్‌లో ఉంది, ఎవరికీ అనుమానం రాకూడదని దానికి పాస్‌బుక్ అని పేరు పెట్టాను. అంత తెలివి.

కొండమీద పరకామణిలో హుండీ నోట్లు లెక్కపెట్టేవాళ్ల బట్టలకు జేబులుండవు. నేనేమో మీకోసం ఊరంతా జేబులు కుట్టించాను.

అందులోనూ ఆ షాపు కంప్యూటర్ సంగతి. రోజుకు యాభై పెన్‌డ్రైవులు దూరే యంత్రం అది, సత్రం లాంటిది, ఎవరొస్తే వాళ్లకు చోటు. ఒకసారి ఒక పిల్లాడు ప్రాజెక్టు రిపోర్టు ప్రింటుకు ఇచ్చిన పెన్‌డ్రైవు పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. యాంటీవైరస్ గడువు తీరి రెండేళ్లు. ఆ మూల నుంచి ఎర్ర గుర్తు రోజూ మొత్తుకుంటుంటే, దాన్ని మూసేసి, పక్కన కూర్చున్న పెద్దాయనకు "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దండీ" అని జాగ్రత్తలు చెప్పేవాణ్ణి.

మరుసటి ఏడాది నవంబరులో ఒక మంగళవారం తెల్లవారుజామున 2:40. మా గోవిందరాజస్వామి కథ మీకు తెలియదు. తమ్ముడి పెళ్లి అప్పుకు కుబేరుడికి కట్టాల్సిన డబ్బు కొలిచీ కొలిచీ అలసిపోయి, ఆ కుంచమే తలకింద పెట్టుకుని పడుకున్నాడంటారు. కొలపాత్ర తల కింద ఉంటే ఎవడు తీస్తాడు? నేనూ అంతే భద్రంగా ఫోన్ దిండు కింద పెట్టుకునే పడుకున్నాను. దిండు కింద నుంచే వెళ్లిపోయింది. తలుపు చప్పుడు లేదు, మెసేజ్ లేదు. పొద్దున కాఫీ తాగుతూ యాప్ తెరిస్తే సున్నా. పక్కన చిల్లర పైసలు కొన్ని, దారిఖర్చుకు మిగిల్చినట్టు.

ఆ తర్వాతి గంట కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మీ పాత్ర నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఈథర్ లావాదేవీలన్నీ చూపించే ఈథర్‌స్కాన్ వెబ్‌సైటులో చూస్తే అంతా బహిరంగంగానే ఉంది. ఎన్ని గంటలకు పోయింది, ఏ అడ్రసుకు పోయింది, అక్కడి నుంచి రెండుగా చీలి ఎటు వెళ్లింది, అన్నీ కనిపిస్తున్నాయి. డబ్బు కళ్లెదుట ఉంది, తాకడానికి లేదు. గర్భగుడి ముందు నిలబడ్డట్టే. తేడా ఏంటంటే అక్కడ జరగండి జరగండి అని తోసేస్తారు, ఇక్కడ ఎంతసేపైనా చూసుకోవచ్చు. ఇక సంతకం చూద్దునా, నాదే. దొంగ సంతకం కాదు, ఫోర్జరీ కాదు, నేను పెడితే ఎట్లా పడుతుందో అచ్చం అదే. ఎందుకంటే మీ లెక్కలో మిమ్మల్ని వరుసగా పలికినవాడే యజమాని. వాడు పలికాడు, మీరు చిత్తం అన్నారు.

మా ఊళ్లో కొండమీద గది కావాలంటే ఆధార్. దర్శనం టికెట్‌కు ఆధార్. దర్శనం టోకెను లేకుండా రెండు లడ్లు కావాలన్నా ఆధార్ చూపించాలి. ఆ ఆధార్లు జెరాక్సు తీసే నా పిల్లల ఫీజులు కడుతున్నాను. అలాంటి ఊళ్లో ఉంటూ, మీరు దాదాపు మూడు లక్షలు దాటిస్తున్న మనిషిని నీ పేరేంటి అని కూడా అడగలేదు. నన్నూ అడగలేదనుకోండి. మొదట్లో అదే నచ్చింది నాకు. బ్యాంకు లేదు, మేనేజరు లేడు, కేవైసీ లేదు, ఆహా అనుకున్నాను. మేనేజరు లేని చోట వెళ్లి మొరపెట్టుకోవడానికీ ఎవరూ ఉండరని ఆ కాఫీ చల్లారేదాకా తట్టలేదు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను, ఫిర్యాదు రాయించాను. స్టేషన్‌లో కుర్ర ఆఫీసరు ఓపిగ్గానే విన్నాడు. "ఎవరికి పంపారు సార్?" "నేను పంపలేదండీ." "మరి సంతకం?" "నాదేనండీ." కాసేపు ఇద్దరం ఫ్యాను వైపు చూశాం. "సరే, వెంటనే పాస్‌వర్డ్ మార్చేశారా?" అన్నాడు. అదే కదండీ అసలు బాధ, మార్చడానికి లేదు. యాప్ తెరిచే పిన్ను మార్చొచ్చు గానీ అది ఆ ఫోన్‌కే. మిమ్మల్ని మార్చలేం. మీరు బయటపడితే కొత్త పన్నెండు మాటలతో కొత్త వాలెట్ పెట్టి, ఉన్నదంతా అందులోకి తరలించుకోవాలి. ఉన్నది ఉంటే.

సాయంత్రానికి బామ్మర్ది మళ్లీ ఫోన్. ఈసారి వాడు డాక్టరులా ఒక్కొక్కటే అడుగుతున్నాడు. "ఫోటో ఏమైనా తీశావా బావా?" తీశాను. "వాట్సాప్‌లో..." పంపాను. "కంప్యూటర్‌లో..." ఉంది. "ఏ కంప్యూటర్?" చెప్పాను. అటు నుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు, సిగ్నల్ పోయిందనుకున్నాను. ఆ తర్వాత వాడు స్పార్క్‌క్యాట్ అనే దొంగ ప్రోగ్రాము సంగతి చెప్పాడు. 2025 ఫిబ్రవరిలో యాంటీవైరస్ కంపెనీ కాస్పర్‌స్కీ వాళ్లు బయటపెట్టారట, ఫోన్‌లో ఏదో మామూలు యాప్ లోపల దాక్కుని, గ్యాలరీలో ఫోటోల్లోని అక్షరాలు చదివి, మీలాంటి మాటల వరుస కనిపిస్తే ఎత్తుకుపోతుందట. గూగుల్ ప్లేలోనే కాదు, ఆపిల్ యాప్ స్టోర్‌లోనూ దొరికింది. మా పిల్లల స్కూలు ఫోటోలు, గుండ్ల ఫోటోలు, కస్టమర్ల ఆధార్లు దాటుకుని మీ దగ్గరికి రావడానికి దానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? లేదంటే షాపు కంప్యూటర్‌లో పాస్‌బుక్ ఫైలే తెరిచారో, మెయిల్ నుంచి లాగారో. అన్ని దారులూ తెరిచి పెట్టినవాడు దొంగ ఏ దారిన వచ్చాడని అడగడం కూడా మర్యాద కాదు.

"హార్డ్‌వేర్ వాలెట్ కొనుక్కోమన్నాను కదా బావా" అన్నాడు. చెప్పాడు, నిజమే. పెన్‌డ్రైవు లాంటి చిన్న పరికరం, కీ అందులోనే ఉంటుంది, సంతకం కూడా లోపలే పడుతుంది, కంప్యూటర్‌కు కీ కనిపించనే కనిపించదు. కొన్ని వేలవుతుందని ఊరుకున్నాను. అయినా నన్ను నేను ఎరుగుదును. అది కొన్నా, దానితో వచ్చే ఖాళీ కాగితం మీద మీ చుట్టాలను రాసుకోవాలి కదా, ఆ కాగితాన్ని లామినేషన్ చేసేవాణ్ణే.

ఇంకో ముచ్చట. టెలిగ్రామ్ గ్రూపులో నా గోడు పెట్టుకున్న నిమిషంలో తొమ్మిది మంది మెసేజ్ చేశారు, పోయిన డబ్బు తెప్పిస్తామని. ఒకాయన ఫోటోలో టై కట్టుకుని ఉన్నాడు. ముందు పది శాతం ఫీజు పంపమన్నాడు. ఇంకొకాయన మరీ దగ్గరివాడిలా, "పరీక్షించి చూడాలి సార్, మీ పన్నెండు మాటలు ఒకసారి టైపు చేయండి" అన్నాడు. నా దగ్గర మీరు తప్ప ఇంకేం మిగల్లేదని వాడికి తెలియదు పాపం.

పన్ను సంగతి ఆడిటర్ని అడిగాను. 2022 ఏప్రిల్ 1 నుంచి, అంటే మా తిరుపతి జిల్లా పుట్టిన నెల నుంచే, ఈ కాయిన్ల లాభం మీద 30 శాతం. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో సర్దుకోవడానికి వీల్లేదు. అదే ఏడాది జూలై నుంచి అమ్మినప్పుడల్లా 1 శాతం టీడీఎస్. నేను వెయ్యి రూపాయలది అమ్మినా పది రూపాయలు పట్టుకున్నారు. వాడు మొత్తం తీసుకెళ్లాడు, ఒక్క పైసా కట్ అవలేదు.

పోయిన వారం మనసు ఆగక ఒక పని చేశాను. పాత వాలెట్‌లోకి రెండు వందల రూపాయల ఈథర్ పంపి చూశాను. ఎందుకంటే చెప్పలేను, వదిలేసిన ఇంటి ముందు నుంచి ఒకసారి నడిచినట్టు. వచ్చింది, కనిపించింది, చాయ్ గ్లాసు కింద పెట్టేలోపు మాయమైంది. మనిషి కాదట, ప్రోగ్రామట. ఏది వచ్చినా ఊడ్చేయడానికి అక్కడే కాపు కాసి ఉంటుందట. అంటే మీరింకా డ్యూటీలోనే ఉన్నారు, పగలూ రాత్రీ, సెలవు లేకుండా. నా దగ్గర ఉన్న ఏడాది పైన ఒక్కరోజు కూడా ఇంత పని చేయలేదు.

ఇట్లు,
మీ పాత యజమాని

తా.క. షాపు సొరుగులో ఉన్న మీ మూడో కాపీని ఇప్పుడు చాయ్ గ్లాసు కింద వాడుతున్నాను. ఎన్ని వేడి గ్లాసులు పెట్టినా అంచు లేవలేదు, ఒక్క బుడగ రాలేదు, డిజైను రంగు కూడా వెలిసిపోలేదు. నూట పాతిక మైక్రాన్ల షీటు వేశాను మరి.