టేబుల్ పక్కన నేల మీద
కొత్త ఇంటికి మారినా పాత బాధలు వదలని మనుషుల సినిమాల గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ 2020లో వచ్చిన ‘హిజ్ హౌస్’ను వదిలేశారేంటండీ? దక్షిణ సూడాన్ నుంచి పారిపోయి ఇంగ్లండ్ చేరిన భార్యాభర్తల కథ. సముద్రంలో పోయిన పాప ఆ ఇంటి గోడల్లోంచి వెంటాడుతుంది. నాకైతే దయ్యం కంటే భోజనం సీనే ఎక్కువ గుచ్చుకుంది. భర్త ఆమెను టేబుల్ దగ్గర కూర్చుని ఫోర్కుతో తినమంటాడు. ఆమెకు నోట్లో ఇనుము రుచి తప్ప ఇంకేం తెలియదు. చిత్తూరు దగ్గర పల్లెలో ఇల్లు అమ్మేసి తిరుపతి ఫ్లాట్‌కి వచ్చాక మా అమ్మా అంతే. డైనింగ్ టేబుల్ పక్కనే నేల మీద కూర్చుని సంగటి ముద్ద తింటుంది. ఆ పల్లె ఇంటి మాటెత్తామా, కంచం తీసుకుని లేచిపోతుంది, సగం ముద్ద అలాగే ఉన్నా సరే.