ఒకే ఒరలో రెండు కత్తులు, పన్నెండు స్పీకర్లు

సినిమాలకొక సౌండ్ సిస్టమ్, పాటలకొక సౌండ్ సిస్టమ్ ఎందుకు, రెండూ కలిపి ఒకటే పెట్టుకుంటే డబ్బూ కలిసొస్తుంది, చోటూ కలిసొస్తుంది అని మొదట అన్నవాడెవడో తెలియదు గానీ, పొదుపు పేరుతో జరిగిన దుబారాల చరిత్ర ఎవరైనా రాస్తే తొలి అధ్యాయం అతనికే దక్కాలి. ఆ మహానుభావుణ్ణీ, అతని బాటలో నడుస్తున్న శ్రవణోపాసకులనూ లోకం అపార్థం చేసుకుంటోంది. ఇంట్లోవాళ్లు మరీ ఎక్కువగా చేసుకుంటున్నారు. అడిగేవాడు లేకపోయినా ఉపాసకుడి పక్షాన నాలుగు మాటలు చెప్పడం ధర్మమని ఈ వ్యాసం.

ముందు తగాదా ఎక్కడుందో చూద్దాం. ఉపాసకుల మతంలో స్టీరియో అంటే రెండు స్పీకర్లు. మూడోది అపచారం. సినిమావాళ్ల లెక్క వేరు: 5.1, 7.1, 7.1.4. రెండు చుక్కలున్న సంఖ్యను గణితం ఇంకా ఒప్పుకోలేదు, హోమ్ థియేటర్ ఎప్పుడో ఒప్పుకుంది. ఆ చివరిదాన్ని కూడితే పన్నెండు పెట్టెలు. చుట్టూ ఏడు, నెత్తిమీద నాలుగు, మధ్యలో ఆ పాయింట్ వన్, అంటే సబ్ ఊఫర్. దానికోసం పెట్టిన చానెల్, అంటే విడి శబ్దపు దారి, 120 హెర్ట్జ్ దాకా ఉండే అడుగు ధ్వనులనే మోస్తుంది కాబట్టి పూర్తి చానెల్‌గా లెక్కగట్టలేదు. పేరులో పదో వంతే. ఇంటికొచ్చాక చూస్తే అన్నిట్లోకీ పెద్ద పెట్టె అదే.

చరిత్ర తిరగేస్తే మాత్రం ఈ మతభేదానికి ఆధారం దొరకదు. బ్రిటిష్ రికార్డుల కంపెనీ ఈఎంఐలో ఇంజనీరు అలన్ బ్లూమ్‌లైన్ 1931లో స్టీరియో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఆ ఆలోచన ఆయనకు సినిమా చూస్తుండగా వచ్చిందంటారు. తెరమీద మనిషి ఒక పక్క, గొంతు ఇంకో పక్క ఉంటే చిరాకేసిందట. 1933లో అమెరికా టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్లకు తీగల మీద వినిపించింది, మూడు చానెళ్లలో. అంటే రెండు చానెళ్ల స్టీరియోకి పురుడు పోసింది సినిమా, మధ్యలో ఇంకో స్పీకర్ కావాలన్నది సంగీతం. మరి చివరికి రెండే ఎందుకు మిగిలాయి? గ్రామఫోన్ రికార్డు మీది గాడికి రెండే గోడలుంటాయి. 1950ల చివర్లో స్టీరియో రికార్డులు బజారుకొచ్చినప్పుడు గోడకో చానెల్ పంచారు. మూడో గోడ లేదు కాబట్టి మూడో చానెల్ బయటే ఉండిపోయింది. ఇంత పవిత్రమైన అంకె గాడి ఆకారాన్నిబట్టి వచ్చిందని మన ఉపాసకుడితో ఇప్పుడే అనకండి. టీవీ ఎక్కడ పెట్టాలో తేలక ఆయన ఇప్పటికే టెన్షన్‌లో ఉన్నాడు.

టీవీ కథ చిన్నది. అది రెండు స్పీకర్ల మధ్య నిలబెట్టిన పెద్ద గాజు పలక. శబ్దం దానికి తగిలి తిరిగొస్తుందని పాటలప్పుడు దుప్పటి కప్పేవాళ్లున్నారు.

కుర్చీ కథ మాత్రం పెద్దది. పాడేమనిషి సరిగ్గా ఎదురుగా, మధ్యలో నిలబడి పాడుతున్నట్టు అనిపించాలంటే రెండు స్పీకర్లూ, వినేవాడి తలా కలిసి సమబాహు త్రిభుజం కావాలి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు కూడా ఎడమకు 30, కుడికి 30 డిగ్రీలనే అంటుంది. త్రిభుజానికి మూడే మూలలు. స్పీకర్లకు రెండు పోతే మిగిలింది ఒకటి. అది ఎవరిదో చెప్పక్కర్లేదు. మిగతా కుటుంబం సోఫా అంచుల్లో సర్దుకోవాలి, అక్కడ కూర్చున్నవాళ్లకు ఆ పాడేమనిషి దగ్గర్లో ఉన్న స్పీకర్లోకి దూరిపోయి పాడుతుంది. సెంటర్ స్పీకర్ పుట్టిందే ఈ అంచుల్లో కూర్చున్నవాళ్ల కోసం. సినిమా నలుగురిదీ, పాట ఒక్కడిదీ. ఈ రెంటినీ ఒకే గదిలో పెట్టి, నలుగురినీ పిలిచి, మధ్య కుర్చీలో ఎవరూ కూర్చోకుండా చూసుకోవడం ఎంత కష్టమో రాజ్యాలేలినవాళ్లకే తెలియాలి.

ఇక ఆంప్, అంటే స్పీకర్లకు బలమిచ్చే ఆంప్లిఫయర్ దగ్గరికొద్దాం. సినిమా శబ్దాన్ని చానెళ్లుగా విడదీసి స్పీకర్లకు పంచే పెట్టె రిసీవర్. అది అన్ని పనులూ చేస్తుంది, అదే దాని పాపం. ఉపాసకుడి దృష్టిలో అన్నీ చేసే పెట్టె ఏదీ సరిగా చెయ్యదు. అందుకని పాటలకోసం వేరే స్టీరియో ఆంప్ వస్తుంది. ఒకటే సిస్టమ్ అనుకున్నాం కదా అని ఎవరైనా అడిగితే దానికి జవాబు ఉంది, దాని పేరు హోమ్ థియేటర్ బైపాస్. రిసీవర్ నుంచి ముందు స్పీకర్ల రెండు చానెళ్లనూ ప్రీ అవుట్‌గా, అంటే బలం చేర్చకముందే, బయటికి తీసి స్టీరియో ఆంప్ బైపాస్‌లోకి ఇస్తారు. సినిమా పెట్టినప్పుడు స్టీరియో ఆంప్ తన వాల్యూమ్ నాబ్‌ను పక్కన పెట్టి రిసీవర్ చెప్పినట్టు వింటుంది. పాటలప్పుడు రిసీవర్ ఆపేసినా ఫర్వాలేదు, ఆ రెండు స్పీకర్లే స్టీరియో అవుతాయి. వ్యంగ్యం పక్కన పెట్టి చెప్పాలంటే ఇది మంచి ఏర్పాటు, ఈ మొత్తం వ్యవహారంలో నిఖార్సయిన తెలివి ఇదొక్కటే. ఒక్కటే జాగ్రత్త, రిసీవర్ బదులు పొరపాటున పాటల ప్లేయర్‌ను ఆ బైపాస్‌కి తగిలిస్తే వాల్యూమ్ అదుపు ఉండదు, ఉన్న బలమంతా ఒక్కసారిగా స్పీకర్ల మీద పడుతుంది. ఆరోజు వీధి వీధంతా సంగీతాభిమానులవుతారు.

ఏర్పాటు బాగుంది గానీ నడిపేదెవరు? ఉపాసకుడు ఊళ్లో లేని రోజు ఇంట్లోవాళ్లు సినిమా చూడాలనుకుంటే టీపాయ్ మీద లామినేట్ చేసిన కాగితం ఉంటుంది. మొదట టీవీ, తర్వాత రిసీవర్, ఆపైన ఆంప్, ఆంప్ మీద బైపాస్ మీట నొక్కాలి, నీలం లైటు వెలిగితేనే ముందుకు సాగాలి, వెలగకపోతే మొదటికి రావాలి. కింద ఎర్ర సిరాతో: ‘నల్ల రిమోట్ ముట్టుకోవద్దు’. అక్కడున్న రిమోట్లన్నీ నల్లవే. చివరికి బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. ఏ హెచ్‌డీఎమ్ఐ తీగ ఏ పెట్టెతో కరచాలనం చేయనందో కనిపెట్టేలోపు పిల్లలు ఫోన్లో ఆ సినిమా సగం చూసేస్తారు.

వాట్ల విషయంలో ఉపాసకుడికి ఆశ ఎక్కువ. 100 వాట్ల ఆంప్ తీసి 200 వాట్లది పెడితే రెండింతలు వినబడుతుందనుకుంటాడు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. మన చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే శక్తి పదింతలు, అంటే 1000 వాట్లు. మామూలుగా ఇంట్లో పాటలు వింటున్నప్పుడు ఆ ఆంప్ ఖర్చుపెట్టేది ఒకటో రెండో వాట్లు. మిగతావి గౌరవం కోసం.

ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడడు కాబట్టి తర్వాత కేబుళ్లు. ఇక్కడ ఫిజిక్సు పెద్దగా సాయం చెయ్యదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల మందమున్న మామూలు రాగి తీగ 5 మీటర్లు వేస్తే రానూపోనూ కలిపి దాని నిరోధం 0.07 ఓమ్‌లు. స్పీకర్‌ది 8 ఓమ్‌లు. నూటికి ఒకటి కూడా కాదు. పైగా స్పీకర్ లోపల కాయిల్‌కి చుట్టింది వెంట్రుకకు అన్నలాంటి సన్నటి తీగ, అది మీటర్ల పొడవున ఉంటుంది. బయట బొటనవేలంత లావు కేబుల్ మీద రాజసంగా వచ్చిన సంగీతం లోపల ఆ సన్నటి తీగలోనే తిరగాలి. అయినా కేబుల్ నేలకు తగలకుండా కింద చిన్న చిన్న పింగాణీ పీటలు వేసేవాళ్లను నేను తప్పుపట్టను. ఊడ్చేటప్పుడు సులువు.

ఇలాంటి సమయంలోనే ఎవరో ఒక తుంటరి బంధువు, కళ్లు మూసి వింటే తేడా తెలుస్తుందా అని అడుగుతాడు. ఈ ప్రశ్న పాతదే. ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే శబ్ద పరిశోధకులు 1994లో వెల్లడించిన ప్రయోగంలో అనుభవమున్న శ్రోతలకూ, లేని శ్రోతలకూ అవే స్పీకర్లను ఒకసారి చూపించి, ఇంకోసారి తెర చాటున పెట్టి వినిపించారు. కనబడుతున్నప్పుడు ఇచ్చిన మార్కులు, కనబడనప్పుడు ఇచ్చిన మార్కులు వేరుగా వచ్చాయి. 2007లో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ఇంకాస్త ముందుకెళ్లి, హై రిజల్యూషన్ డిస్కుల శబ్దాన్ని మధ్యలో మామూలు సీడీ స్థాయికి, అంటే 16 బిట్లు 44.1 కిలోహెర్ట్జ్‌కి దించి వినిపించారు. మామూలు వాల్యూమ్‌లో ఎప్పుడు దించారో, ఎప్పుడు దించలేదో శ్రోతలు పట్టుకోలేకపోయారు. ఇలాంటి ప్రయోగాలు నాకు క్రూరంగా కనబడతాయి. ఆంప్‌లో పొయ్యిలా మెరిసే గాజు వాల్వులూ, బరువైన అల్యూమినియం నాబూ కళ్లతో వినాల్సినవి. ఆ కళ్లకు తెర కట్టేసి, విన్నావా లేదా అని నిలదీయడం ఏం న్యాయం?

ఇన్ని కొన్నవాడు కొననిది ఒకటుంది. అది గది. గదికి ముందు వైపు మెరిసే ప్యానెల్ ఉండదు, మోడల్ నంబరు ఉండదు, కొత్త వెర్షన్ రాదు. కాని బేస్ ఎలా వినబడాలో నిర్ణయించేది అదే. గది పొడవు 5 మీటర్లనుకోండి. శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకి రెట్టింపుతో, అంటే 10తో భాగిస్తే 34 హెర్ట్జ్ దగ్గర ఆ గది తన రాగం తానే అందుకుంటుంది. ఆ స్వరం ఎదురుబొదురు గోడల దగ్గర గుభేలుమంటుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే మాయమైపోతుంది. ఎంతోమంది ఉపాసకులు ఆ మధ్యలోనే కూర్చుని, బేస్ సరిపోవట్లేదని ఆంప్ మారుస్తుంటారు. కుర్చీ ఒక అడుగు వెనక్కి జరిపితే పని జరిగేది, కానీ జరిపిన కుర్చీని అతిథులకు చూపించి ఏమని చెప్పుకుంటాం?

గదితో సంధి చేసుకోడానికి ఉన్న మార్గాలు చూడముచ్చటగా ఉంటాయి. గోడల నుంచి శబ్దం ఎక్కడ తిరిగొస్తోందో తెలుసుకోవాలంటే ఒకరు కుర్చీలో కూర్చోవాలి, ఇంకొకరు గోడకు అద్దం ఆనించి పక్కకు జరుపుతూ పోవాలి. కూర్చున్నవాడికి అద్దంలో స్పీకర్ కనబడ్డ చోట మందపాటి ప్యానెల్ తగిలించాలి. సబ్ ఊఫర్‌కి చోటు వెతకడం ఇంకా బాగుంటుంది. ఆ పెట్టెను మోసుకొచ్చి కుర్చీ ఉండాల్సిన చోట పెట్టి, బేస్ పాట వేసి, ఇంటి యజమాని మోకాళ్ల మీదా మోచేతుల మీదా గోడల వెంబడి పాకాలి. మూల మూలకీ ఆగి, చెవి పెట్టి, తల అటూ ఇటూ తిప్పి మళ్లీ పాకాలి. బేస్ ఎక్కడ సాఫీగా వినబడితే అక్కడ సబ్ ఊఫర్‌ని దింపాలి. ఇది ఎగతాళికి కల్పించింది కాదు, పనిచేసే పద్ధతి. శబ్దం అటునుంచి ఇటు వచ్చినా, ఇటునుంచి అటు వెళ్లినా గది ఒకేలా ప్రవర్తిస్తుంది కాబట్టి చెవినీ సబ్ ఊఫర్‌నీ తారుమారు చేయొచ్చు. ఆ సమయానికి తలుపు తోసుకుని ఎవరైనా లోపలికొస్తే వాళ్లకు ఈ సూత్రం వివరించే ఓపిక ఉండాలి, అంతే.

అన్నీ కుదిరాక రిసీవర్ ఒక ప్రశ్న వేస్తుంది. ముందు స్పీకర్లు లార్జా, స్మాలా? మనిషి ఎత్తు స్పీకర్లను ఇద్దరితో మోయించి పైకెక్కించిన మనిషిని అడగాల్సిన ప్రశ్నా ఇది? ఆయన పౌరుషంగా లార్జ్ అని నొక్కుతాడు. సినిమాల విషయంలో ఎక్కువ ఇళ్లలో సరైన జవాబు స్మాల్. స్మాల్ అంటే సైజు కాదు, సుమారు 80 హెర్ట్జ్ కింద ఉన్న బరువంతా సబ్ ఊఫర్‌కి ఒప్పజెప్పడం. సినిమా శబ్దానికి ప్రమాణాలు పెట్టే టీహెచ్ఎక్స్ సంస్థ ఎంచుకున్న హద్దు కూడా అదే, అంతకన్నా కింద శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి సరిగా పసిగట్టలేదు కనుక. ఒప్పజెప్తే ఆంప్‌కి ఊపిరాడుతుంది, స్పీకర్‌కి నొప్పి తగ్గుతుంది. కానీ తన టవర్లను స్మాల్ అని తన చేత్తో ఒప్పుకోవడం! ఆ మీట దగ్గర వేలు వణికినవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఇంత జరిగి సినిమా మొదలయ్యాక డైలాగులు వినబడవు. సినిమాల శబ్దాన్ని కొలిచే రిఫరెన్స్ స్థాయిలో ఒక్కో చానెల్ శిఖరం 105 డెసిబెల్స్, అడుగు ధ్వనుల చానెల్ శిఖరం 115. బాంబు పేలిన చోట అంత, హీరోయిన్ గుసగుసలాడిన చోట ఏమీ లేనంత. సెంటర్ స్పీకర్ టీవీ స్టాండ్ కింది అరలో, మోకాళ్ల వైపు చూస్తూ పడుకుని ఉంటుంది. దాన్ని కాస్త ముందుకు లాగి, ముక్కు పైకెత్తి, వాల్యూమ్ రెండు మెట్లు పెంచితే చాలావరకు తీరిపోయే బాధ. దాని బదులు ఇంటిల్లిపాదీ సబ్‌టైటిల్స్ పెట్టుకుని, పన్నెండు స్పీకర్ల మధ్య కూర్చుని సినిమా చదువుతుంటారు. రాత్రి పదయ్యాక నైట్ మోడ్ కూడా పడుతుంది, అప్పుడు బాంబూ గుసగుసా ఇంచుమించు ఒకటే.

ఈ దశలో ఇంట్లోవాళ్లు, ఇక కొనడానికి ఏమీ మిగల్లేదు కదా అని ఊపిరి పీల్చుకుంటారు. మన ఉపాసకుడు అప్పుడే 2002 నాటి టాడ్ వెల్టీ పరిశోధన బయటికి తీస్తాడు. సబ్ ఊఫర్లు ఎన్నుంటే సరిపోతాయన్నదే ఆ పరిశోధన అడిగిన ప్రశ్న. దీర్ఘచతురస్రపు గదిలో అందరి సీట్లకూ బేస్ ఒకేలా అందాలంటే ఒకటి చాలదు, ఎదురెదురు గోడల మధ్యలో ఒక్కోటి పెడితే బాగుంటుంది, నాలుగు గోడలకీ నాలుగు పెడితే మరీ బాగుంటుంది. కేబుళ్ల దగ్గర మొహం చాటేసిన సైన్సు ఇక్కడ వచ్చి ఆయన పక్కన నిలబడింది. సోఫా అంచుల్లో కూర్చునేవాళ్ల మేలు కోరి చేసిన పరిశోధన కాబట్టి ఇంట్లోవాళ్లు కూడా కాదనలేరు. నాలుగు దాటితే చెప్పుకోదగ్గ లాభం లేదని కూడా అందులోనే ఉంది, ఆ పేజీ ఆయన ఇంకా చదవలేదు.