ఎగుమతి ఓడకే కాదు, లారీకి కూడా

అయ్యా, మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో ‘ఎగుమతి అంటే విదేశాలకు సరుకు పంపడం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇప్పటి వాడుకకు అది సరే గానీ, మా పలాసలో జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గర కాసేపు నిలబడి వినండి. లారీకి బస్తాలెత్తితే ఎగుమతి, దించితే దిగుమతి. కళాసీల కూలి లెక్కంతా ఆ రెండు మాటల మీదే. (కళాసీ అన్నమాటా మొదట ఓడ పనివాడిదే!)

ఎగువ, దిగువల్లో ఉన్న ‘ఎగు’ (పైకి), ‘దిగు’ (కిందికి) అనేవే ఈ మాటల్లోనూ ఉన్నాయి. ఒకప్పటి కళింగపట్నం రేవునే తీసుకోండి. అక్కడ ఓడ ఒడ్డుకు ఆనేది కాదు. దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, మసూలా పడవల్లో సరుకు కెరటాలు దాటించి ఓడ మీదికి ఎత్తాలి. ఆ పడవలకు మేకులుండవు, పలకలు తాడుతో కుట్టేవారు. కెరటం కొట్టినా విరక్కుండా కాస్త వంగుతాయని. ఎగుమతి అంటే నిజంగానే పైకెత్తడం అన్నమాట.

ఆఫ్రికా జీడిపిక్కలు ఇప్పుడు విశాఖ రేవులో ఓసారి, పలాసలో లారీ దగ్గర మరోసారి దిగుమతి అవుతాయి. కస్టమ్స్ వాళ్లు మొదటిదే లెక్కేస్తారు, మా కళాసీలు రెండోదే.