మూలకాల పట్టికకు ముందు తేలాల్సింది బరువుల లెక్క

పదో తరగతి సైన్సులో డాబరీనర్ త్రికాలు (ఒకే తీరు గుణాలున్న మూడేసి మూలకాల గుంపులు), న్యూలాండ్స్ అష్టక నియమం (బరువుల వరసలో ప్రతి ఎనిమిదో మూలకానికి అవే గుణాలు తిరిగి వస్తాయనేది) చదవని వాళ్లుండరు. ఒక్కో సిద్ధాంతం, దాని కింద పరిమితులు, చివరికి మెండలీవ్ ఆవర్తన పట్టిక. పరీక్షకు అది చాలు. కానీ 1829లోనే డాబరీనర్ దారి చూపిస్తే, అసలు పట్టిక రావడానికి ఇంకో నలభై ఏళ్లు ఎందుకు పట్టింది? క్లాసులో ఈ ప్రశ్న వేసేవాళ్లు అరుదు.

డాబరీనర్ గమనించింది చిన్న విషయం కాదు. లిథియం పరమాణు భారం 7, పొటాషియంది 39. సగటు 23, అంటే సరిగ్గా సోడియం. అయినా ఆ ఆలోచన ముందుకు సాగలేదు. కారణం తెలివి తక్కువై కాదు, బరువుల మీద ఏకాభిప్రాయం లేక. కార్బన్‌ను ఒకరు 6 అంటే మరొకరు 12 అనేవారు. ఆక్సిజన్ కొందరికి 8, కొందరికి 16. వెనిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లానికి వాడుకలో ఉన్న ఫార్ములాలను 1861లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకులే తన పుస్తకంలో వరసగా రాస్తే 19 తేలాయి! లెక్కే తేలనప్పుడు వరస ఎలా కుదురుతుంది?

1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూలో రసాయన శాస్త్రవేత్తలు సమావేశమైంది ఈ గందరగోళం మీదే. ఒకే ఉష్ణోగ్రత, పీడనం దగ్గర సమాన ఘనపరిమాణం గల వాయువుల్లో అణువుల సంఖ్య సమానమని అవొగాడ్రో 1811లో చెప్పిన సూత్రాన్ని పట్టుకుంటే బరువులన్నీ ఒక దారికి వస్తాయని ఇటలీకి చెందిన కన్నిజారో గట్టిగా వాదించాడు. సభ ఏ తీర్మానమూ చేయలేదు. కానీ వెళ్లిపోయే ముందు ఆయన కరపత్రం అందరి చేతికీ అందింది. వచ్చినవాళ్లలో కుర్రవాళ్లు మెండలీవ్, లోథార్ మేయర్ కూడా ఉన్నారు.

ఆ తర్వాత మూలకాలను బరువుల వరసలో పేర్చినవాళ్ల తేదీలు చూడండి. 1862లో ఫ్రాన్స్‌లో ద షాంకూర్త్వా, 1864లో మేయర్, 1865లో న్యూలాండ్స్, 1869లో మెండలీవ్. దశాబ్దాల పాటు కదలనిది తొమ్మిదేళ్లలో కదిలింది. ఇది యాదృచ్ఛికం అంటే నేను ఒప్పుకోను.

న్యూలాండ్స్‌కు జరిగింది మాత్రం అన్యాయమే. 1866లో లండన్ కెమికల్ సొసైటీలో ఆయన పత్రం చదివితే, మూలకాలను అక్షరక్రమంలో పేర్చి చూశారా అని ఫోస్టర్ అనే శాస్త్రవేత్త ఎగతాళిగా అడిగాడు. సొసైటీ ఆ పత్రాన్ని అచ్చు వేయలేదు. న్యూలాండ్స్ పట్టికలో తప్పులున్న మాట నిజమే. కోబాల్ట్, నికెల్‌ను ఒకే గడిలో పెట్టాడు, దొరకని మూలకాలకు ఖాళీలు వదల్లేదు. మెండలీవ్ ఆ ఖాళీలు వదిలాడు. 1875లో గాలియం వచ్చి ఒక గడిలో కూర్చుంది. న్యూలాండ్స్‌కు రాయల్ సొసైటీ ఇచ్చే డేవీ పతకం దక్కేసరికి 1887 అయింది.

కన్నిజారో పేరు మన పిల్లలకు తెలియాలి. 1889 నాటి తన ఫారడే ఉపన్యాసంలో మెండలీవ్ స్వయంగా కార్ల్స్‌రూ సభనూ కన్నిజారోనూ గుర్తుచేసుకున్నాడు.